గాలిపటము, పలక, కెరటము

గాలిపటము నెగురవేయని బాలుడు మన ఊళ్లలో అరుదు. గాలి హెచ్చినప్పుడు దారము వ్రేళ్లను కోయునంతగా బిగియుట ప్రతి విద్యార్థికిని తెలిసిన సంగతియే. ఆ లాగుడునకు ఒక మనిషిని తగిలించి, అతని కాళ్ల క్రింద ఒక పలకనుంచి, సముద్రము మీద విడిచినచో నేమగును? అదియే కైట్‌బోర్డింగు అను క్రీడ. ఇందు వాడు పలకలలో ‘హైబ్రిడ్’ అనునది యొకటి కలదు. అనగా రెండు జాతుల పలకల లక్షణములను ఒక్కదానియందు కలిపి చేసినది. అది కెరటముల మీద ఎట్లు నడచునో, దానిని ఎట్లు పరీక్షింపవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. సముద్రము చేరువనున్న మన పిల్లలకు ఇది వట్టి వినోదవిషయము కాదు. గాలి, నీరు, బరువు అను మూడింటి లెక్క ఇందున్నది. ఆ లెక్క తప్పినచో ప్రాణమునకే ముప్పు.

ఈ యూహ మిక్కిలి పాతది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ఉపాధ్యాయుడుగా నుండిన జార్జి పోకాక్ 1826లో గాలిపటములు లాగు బండికి పేటెంటు పొందెను. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటము లాగిన చిన్న పడవలో ఇంగ్లీషు చానెలును దాటెను. అయితే గాలిపటము నీటబడినచో తడిసి మరల లేవకపోవుట పెద్ద చిక్కుగా నుండెను. ఫ్రాన్సుదేశమున బ్రిటనీ తీరమునకు చెందిన బ్రూనో, డొమినిక్ లెగైన్యూ అను సోదరులు 1984లో దానికొక ఉపాయము కనిపెట్టిరి. వారి గాలిపటమున గాలి నింపిన గొట్టములుండును గనుక అది నీటిపై తేలును. నీటి నుండియే తిరిగి ఎగురవేయ వచ్చును. 1990ల చివర హవాయి దీవులలోని మావి తీరమున ఈ క్రీడ ప్రబలెను. 2024లో పారిస్ ఒలింపిక్సు జరిగినప్పుడు మార్సెయ్ నగరతీరమున గాలిపటపు పందెములు మొదటిసారిగా చేర్చబడెను. మన దేశమున తమిళనాడులోని రామేశ్వరము ప్రాంతమున ఈ విద్యను నేర్పుచున్నారు.

ఇక దీని పనితీరు చూతము. పెద్దలు వాడు గాలిపటము సామాన్యముగా 7 మొదలు 12 చదరపు మీటర్లుండును. దాని తాళ్లు ఇరువది మీటర్లకు పైబడి యుండును. ఆ తాళ్లు ఒక చేతికఱ్ఱకు చేరును. ఆ కఱ్ఱ నడుమునకు బిగించిన పట్టీకి తగిలింపబడును. కావున బరువు చేతుల మీద గాక నడుము మీద పడును. గాలి వేగము రెట్టింపైనచో దాని బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో నిలువగలిగినవాడు అదే గాలిపటముతో 40 కిలోమీటర్ల గాలిలో ఎగిరిపోవుటకు కారణమిదియే. ఈ లాగుడును అదుపులో నుంచునది పలక అంచు. ఎద్దులు లాగుచుండగా రైతు నాగటి కఱ్ఱును నేలలోనికి అదిమినట్లు, ఇతడు పలక అంచును మడమలతో నీటిలోనికి అదుమును. అట్లు అదుముట చేతనే గాలివాలున కొట్టుకొనిపోక అడ్డముగా సాగగలుగుచున్నాడు.

ఇప్పుడు పలకల సంగతి. మొదటిది రెండు కొనలును ఒక్క తీరుగా నుండు పలక. దానిని ట్విన్‌టిప్ అందురు. పొడవు సుమారు 135 మొదలు 145 సెంటీమీటర్లు. మిక్కిలి పలుచన. కాళ్లకు పట్టీలుండును. ఏ కొన ముందైనను సరియే గనుక వెనుకకు మరలుటకు తిరుగ నక్కరలేదు. కాని అది తనంతట మనిషిని తేల్చలేదు. గాలిపటము లాగినంతసేపే నడచును. రెండవది సర్ఫ్‌బోర్డు. దానికి ముక్కు వేరు, తోక వేరు. పొడవు సుమారు 155 మొదలు 180 సెంటీమీటర్లు. మందముగా నుండి నీటిపై కొంత తేలును. తోక క్రింద చేప రెక్కల వంటి మూడు రెక్కలుండుట సామాన్యము. కెరటము మీద జారుటకు ఇది పుట్టినది. కాని దిక్కు మార్చునప్పుడెల్ల పలకను త్రిప్పి కాళ్లు మార్చుకొనవలెను.

కెరటము మీద జారుట యనగా నేమి? కెరటము దూరమునుండి వచ్చుచున్నట్లు కనబడినను నీరు దానితో పరుగెత్తి వచ్చుట లేదు. లోతైన చోట నీరు ఉన్నచోటనే చక్రమువలె తిరుగును. ముందునకు సాగునది అలజడి మాత్రమే. లోతు తగ్గినకొలది కెరటము అడుగు నెమ్మదించి, శిరస్సు నిట్టనిలువుగా లేచి, తుదకు విరుగును. ఒక మీటరు ఎత్తు కెరటము సుమారు 1.3 మీటర్ల లోతున విరుగునని స్థూలముగా చెప్పవచ్చును. విరుగుటకు ముందు దాని ముఖము ఏటవాలుగా నుండును. పలక ఆ వాలున దిగజారుచుండగా వాలు కూడ ముందునకు నడచుచుండును. ఆ కొన్ని క్షణములు గాలిపటపు సాయము లేకయే ప్రయాణము సాగును.

ఈ సత్యము మన జాలరులకు ఏ పుస్తకమును చదువకయే తెలియును. గోపాలపురము, పూరీ తీరములందు తరతరములుగా నివసించుచున్న తెలుగు జాలరులు దుంగలను తాళ్లతో కట్టిన తెప్పలపై వేటకు పోయెడివారు. పెద్ద కెరటముల నడుమ సందు చూచి తెప్పను త్రోయుట, తిరిగి వచ్చునప్పుడు కెరటము వీపునెక్కి ఒడ్డు చేరుట వారి నిత్యవిద్య. తెప్ప కెరటమునకు అడ్డము తిరిగినచో బోల్తాపడును గనుక తెడ్డుతో దాని మొగమును నిలుపుకొనెడివారు. ఫైబరు పడవలు వచ్చిన తరువాత తెప్పలు తగ్గినవి. సర్ఫ్‌బోర్డు రెక్కలు చేయు పనియు తెప్పపై తెడ్డు చేసిన పనియు ఒక్కటే: తోకను జారనీయక మొగమును నిలుపుట.

హైబ్రిడ్ పలక ఈ రెంటికిని నడుమ నుండును. ట్విన్‌టిప్‌వలె పొట్టిది, గట్టి అంచు గలది. సర్ఫ్‌బోర్డువలె ముక్కు ఎత్తుగను, తోక క్రింద పెద్ద రెక్కలతోను ఉండును. ఇట్టి వస్తువును చూచినప్పుడు మన పెద్దల సామెత మనస్సునకు వచ్చును: ‘రెంటికి చెడిన రేవడి’. ఇది నిజముగా రెంటికిని చెడినదా, లేక రెంటికిని పనికివచ్చునదా? మాటలచేత తేలదు, పరీక్షచేతనే తేలును.

పరీక్షకు మొదటి నియమము: ఒకే దినమున, ఒకే గాలిపటముతో, ఒకే చోట చూడవలెను. ముందు అలవాటైన ట్విన్‌టిప్‌ను ఎక్కవలెను, పిమ్మట హైబ్రిడ్‌ను, పిమ్మట మరల ట్విన్‌టిప్‌ను. మూడవసారి చూడనిచో మారినది పలకయో గాలియో తెలియదు. మన ప్రయోగశాలలో చెప్పు పాఠము సముద్రము మీదను చెల్లును.

మొదట నిలుకడ నీటిలో చూడవలెను. ఎంత తక్కువ గాలికి పలక నీటిపైకి లేచుచున్నది? గాలికెదురుగా ఎంత ఎక్కగలుగుచున్నది? ఏ పలకయు గాలికి సూటిగా ఎదురేగజాలదు. అటునిటు వంకరగా పోయి కొంచెము కొంచెముగా పైకి జరుగవలెను. ఒడ్డున ఒక గుంజ పాతి, పదిసార్లు అటునిటు తిరిగిన తరువాత దానికి పైకి వచ్చితిమా, క్రిందికి జారితిమా యని చూచినచో ఉత్తరము దొరకును. గట్టి అంచు గల హైబ్రిడ్ ఇక్కడ తరచు మంచి మార్కులే పొందును. వెనుకకు మరలునప్పుడు మాత్రము పెద్ద రెక్కలు ముందునకు వచ్చి నీటిని పట్టుకొనును. ఇది దాని మొదటి లోపము.

తరువాత మోకాలెత్తు కెరటములలో చూడవలెను. అసలు పరీక్ష ఇచ్చటనే. కెరటము పలకను ఎత్తుకొన్నప్పుడు చేతికఱ్ఱను దూరముగా జరిపి గాలిపటపు లాగుడును సడలింపవలెను. అప్పుడును పలక పరుగెత్తుచున్నచో అది కెరటపు పలకయే; వెంటనే మునుగజొచ్చినచో పేరేదైనను అది ట్విన్‌టిప్ జాతిదే. ముక్కు చాలినంత వంపు లేనిచో నిటారు కెరటమున గ్రుచ్చుకొనును. వంపు మితిమీరినచో నిలుకడ నీటిలో నెమ్మదించును. తోక వెడల్పైనచో త్వరగా లేచును గాని వేగమున పట్టు తప్పును. సన్నమైనచో పట్టు చిక్కును గాని లేచుటకు ఎక్కువ గాలి కావలెను. ఈ పలకయందు ప్రతి లాభమును ఎక్కడో ఒక నష్టముతో కొన్నదే.

కావున తీర్పు ఇట్లుండును. గాలి గట్టిగా నుండి కెరటములు చిన్నవిగా నున్న తావున, ఒక్క పలకతోనే పోదలచినవానికి హైబ్రిడ్ చాలును. గాలి పలుచనై కెరటములు పెద్దవైనచోట సర్ఫ్‌బోర్డే మేలు. ఎగిరి దుముకుటకు ట్విన్‌టిప్పే మేలు. చూచి ఎన్నుకొన్నవానికి అది రేవడి కాదు. చూడక కొన్నవానికి అగును.

తుదకు తల్లిదండ్రులకును పిల్లలకును ఒక హెచ్చరిక. ఈ వ్యాసము చదివి టార్పాలిన్ గుడ్డను చెక్కకు కట్టి సముద్రమున దిగరాదు. ఈ క్రీడ నెఱిగినవారు ఆపదలో గాలిపటమును ఒక్క లాగుతో విడిపించుకొను సాధనము లేనిదే నీటిలో అడుగిడరు. తాడును చేతికి చుట్టుకొనుట వ్రేలు తెగుటకో, ఈడ్వబడుటకో దారి. నేల మీదినుండి సముద్రము వైపు వీచు గాలిలో దిగినవాడు అలసినను ఒడ్డునకు రాజాలడు. సూటిగా ఒడ్డునకు వీచు గాలియు మంచిది కాదు. అది మనిషిని ఇసుక మీదికి, రాళ్ల మీదికి విసరును. ఒడ్డునకు ప్రక్కగా వీచు గాలియే నేర్చుకొనువానికి తగినది.

విద్యార్థులు ఇప్పటికి చేయదగిన పని యొకటి కలదు. సెలవుదినమున పెద్దల వెంట తీరమునకు పోయి, ఒడ్డుననే నిలిచి, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో, కెరటము ఎంత దూరమున విరుగుచున్నదో వ్రాసికొనుడు. ఆ లెక్కను ఒక వృద్ధ జాలరికి చూపి, ఆ దినమున ఆయన తెప్పను దింపియుండునో లేదో అడుగుడు. దింపనన్నచో కారణము కూడ అడిగి వ్రాసికొనుడు. ఆ కారణమే ఈ విద్యలో మొదటి పాఠము.