శిక్షణకు ముందే ఫీజా?

టాంపినీస్‌లో మా బ్లాకు కింద ఒక తెలుగు చెల్లెలు ఫోన్ చూపించింది. కార్ల అమ్మకం ఉద్యోగం, అనుభవం అక్కర్లేదు, ముందు ట్రైనింగ్ ఫీజు కట్టాలి. జీతమెంత అంటే, "కమీషనే అక్కా" అంది.

మూల జీతం రాసివ్వని చోట ఫీజు కడితే వాళ్ల మొదటి కస్టమరు మనమే! సీఓఈ ధర పెరిగితే నెలంతా తిరిగినా ఒక్క కారూ అమ్ముడవకపోవచ్చు.

డిపెండెంట్ పాస్ వాళ్లకు ఇంకో చిక్కుంది. 2021 మే 1 నుంచి ఉద్యోగం చేయాలంటే కంపెనీయే మనకు వర్క్ పాస్ తీయాలి. ఉత్త కమీషన్ మీద పిలిచేవాళ్లు తీస్తారా? ఉద్యోగం ఇచ్చినందుకు విదేశీయుల దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఇక్కడ నేరం: 30,000 డాలర్ల దాకా జరిమానా, 2 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ.

ఏజెన్సీ అంటే ఎంఓఎం సైటులో లైసెన్సు చూడండి. మోసమని అనుమానమొస్తే 1799కి ఫోన్ చేయండి, డబ్బు కట్టకముందే.