జుట్టు మెత్తబడాలంటే ఏం పెట్టాలి?

సంత రోజున బజారుకు వెళ్ళే తల్లులకు ఈమధ్య కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. ఒకప్పుడు కొబ్బరినూనె సీసా, కుంకుడుకాయల పొట్లం కొంటే నెలంతా ఇంటిల్లిపాదికీ తలంట్లు గడిచిపోయేవి. ఇప్పుడు దుకాణం ముందు షాంపూ పొట్లాలు తోరణాల్లా వేలాడుతున్నాయి. వాటి పక్కనే కండిషనర్లు, హెయిర్ మాస్కులు, సీరమ్‌లు, 'డీప్ కండిషనింగ్' క్రీములు వరుసగా కొలువుదీరాయి. హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన అమ్మాయి ఫలానా డబ్బా కావాలంటుంది. వాటిలో కొన్నింటి ధర పొలం పనిలో వచ్చే రోజు కూలి కంటే ఎక్కువ. కొనకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. కొంటే ఆ నెల సరుకుల్లో ఏదో ఒకటి తగ్గించుకోవాలి.

కనుక ఈ సంగతిని గూర్చి కాస్త నింపాదిగా ఆలోచిద్దాం. జుట్టును మెత్తగా ఉంచేది ఏమిటి? ఆ డబ్బాలో ఉన్నదేమిటి? మన ఇంట్లోనే దొరికేదేమిటి? డబ్బా పనికిరాని చోటు ఏది? ఈ నాలుగూ తెలిస్తే, కొనాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

వెంట్రుక సంగతి

తల చర్మం లోపల ఉన్న కుదురు మాత్రమే ప్రాణమున్నది. చర్మం దాటి పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. అందుకే కత్తిరించినా నొప్పి తెలియదు. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన పోగు. దాని పైపొర పెంకుటింటి కప్పులాగా ఉంటుంది. చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి, కుదురు నుంచి కొసవైపుకు వాలి ఉంటాయి. ఆ పెంకులు అణిగి ఉన్నంతకాలం జుట్టు నున్నగా మెరుస్తుంది, దువ్వెన జారిపోతుంది. పెంకులు లేచిపోతే ఒక వెంట్రుక ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. దాన్నే మనం చిక్కు అంటున్నాం.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాకా, అంటే రెండడుగుల జడ ఉన్న అమ్మాయిని తీసుకోండి. ఆ జడ కొస పుట్టి సుమారు ఐదేళ్ళయింది. ఐదేళ్ళ ఎండ, ఐదేళ్ళ దువ్వెన, ఐదేళ్ళ సబ్బునీళ్ళు దాని మీదుగా పోయాయి. కుదుళ్ళ దగ్గర జుట్టు బాగుండి, కొసలు మాత్రం పీచులా ఉన్నాయంటే ఆశ్చర్యమేముంది? ప్రాణం లేని పోగు కాబట్టి దెబ్బతిన్న చోటు తనంతట తాను మానదు. రెండుగా చీలిన కొసను శాశ్వతంగా అతికించే క్రీము ఏదీ లేదు. దాన్ని కత్తిరించవలసిందే.

ఎందుకు గరుకెక్కుతుంది?

మొదటిది, ఒంటి సబ్బుతోనో బట్టల సబ్బుతోనో తల రుద్దుకోవడం. సబ్బుకు క్షారగుణం ఉంటుంది. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి, మనం చెప్పుకున్న పెంకులు లేస్తాయి. రెండవది బోరు నీళ్ళు. చాలా ఊళ్ళలో ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు నురగ రాకపోవడమే అందుకు గుర్తు. ఆ లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారి జుట్టుకు అంటుకుంటాయి. ఎంత కడిగినా జిడ్డుగా, గరుగ్గా అనిపించేది అందుకే.

మూడవది ఎండ. నాట్లకు, మిరపకోతకు వెళ్ళే అక్కచెల్లెళ్ళు తలకు గుడ్డ చుట్టుకోవడం వడదెబ్బకే కాదు, జుట్టుకూ రక్షణే. నాలుగవది, తడి జుట్టును సన్నపళ్ళ దువ్వెనతో లాగడం. తడిసిన వెంట్రుక సాగుతుంది, తేలికగా తెగుతుంది. ఐదవది, బడికి వెళ్ళే పిల్లలకు కనుబొమలు పైకి లేచేటంత బిగించి జడలు వేయడం. రోజూ అలా లాగితే నుదుటి దగ్గర, చెవుల పైన జుట్టు పలచబడుతుంది. ఏళ్ళ తరబడి సాగితే అక్కడ మళ్ళీ మొలవకపోవచ్చు.

డబ్బాలో ఏముంది?

కండిషనర్ అన్నది మందు కాదు, మాయా కాదు. దెబ్బతిన్న వెంట్రుక మీద ఋణ విద్యుదావేశం ఎక్కువగా ఉంటుంది. కండిషనర్‌లో ధనావేశం గల పదార్థాలు ఉంటాయి. డబ్బా వెనుక సెట్రిమోనియం క్లోరైడ్, బెహెంట్రిమోనియం క్లోరైడ్ అని రాసి ఉండేవి అవే. ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి కనుక, ఎక్కడ ఎక్కువ దెబ్బ తగిలిందో అక్కడే ఎక్కువగా అంటుకుంటాయి. వాటితోపాటు డైమెథికోన్ వంటి సిలికోన్లు సన్నని పొరగా పరుచుకుని పెంకులను అణచిపెడతాయి. దువ్వెన జారుతుంది, జుట్టు మెత్తగా తోస్తుంది. కొన్ని తలంట్లకు ఆ పొర పోతుంది, మళ్ళీ పెట్టాలి. 'డీప్ కండిషనర్' అన్నా 'హెయిర్ మాస్క్' అన్నా ఇదే సరుకు. కాకపోతే చిక్కగా, నూనెలు ఎక్కువగా ఉండి, పది నుంచి ముప్పయి నిమిషాలు తలమీద ఉంచేందుకు తయారుచేసింది.

డబ్బా మీద 'సెటిల్ ఆల్కహాల్', 'స్టియరిల్ ఆల్కహాల్' అన్న మాటలు చదివి, మన ఇంట్లోకి మద్యం వచ్చిందేమోనని కొందరు కంగారుపడవచ్చు. భయం అక్కరలేదు. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అన్నది పెద్ద కుటుంబం పేరు. ఇవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు. మత్తు కలిగించవు, జుట్టును ఎండబెట్టవు. క్రీముకు చిక్కదనం, జుట్టుకు మెత్తదనం ఇచ్చేవి ఇవే.

కొనదలచుకుంటే ధర చూసి మోసపోవద్దు. చవక డబ్బాలోనూ ఖరీదైన డబ్బాలోనూ పనిచేసే పదార్థాలు చాలావరకు ఒకటే. వాసన, పేరు, బొమ్మ మారతాయి. ముందు చిన్న పొట్లం కొని చూడండి. షాంపూ కడిగాక నీళ్ళు పిండి, జడ సగం నుంచి కొసల వరకే రాయండి. కుదుళ్ళకు రాస్తే తల తొందరగా జిడ్డెక్కుతుంది.

అమ్మమ్మ నూనె గిన్నె

ఇక మన ఇంటి సరుకు సంగతి. తలంటుకు ముందు కొబ్బరినూనె పట్టించే అలవాటును పాతకాలపు చాదస్తమని నవ్వేవారున్నారు. 2003లో రేలే, మోహిలే అనే ఇద్దరు భారతీయ పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఈ మూడింటినీ వెంట్రుకలపై పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. తలంటినప్పుడు, దువ్వినప్పుడు వెంట్రుకలోంచి కొంత మాంసకృత్తు నష్టమవుతుంది. ఆ నష్టాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. కారణమేమంటే, అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది. అది పోగు లోపలికి చొరబడగలదు. మిగిలిన రెండు నూనెలు అంతగా చొరబడలేవు. లోపల నూనె ఉంటే నీరు ఎక్కువగా పీల్చుకుని ఉబ్బిపోదు.

కనుక తలంటుకు ముందు రోజు రాత్రి, వీలుకాకపోతే కనీసం రెండు మూడు గంటల ముందు, రెండు మూడు చెంచాల కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి జడ పొడవునా, ముఖ్యంగా కొసలకు పట్టించండి. ఇంతకంటే చవకైన డీప్ కండిషనర్ మాకు తెలిసి మరొకటి లేదు. చుండ్రు ఉన్నవారు మాత్రం తల చర్మానికి నూనె మర్దనా చేయవద్దు. చుండ్రుకు కారణమయ్యే సూక్ష్మజీవి నూనెల మీదే బ్రతుకుతుంది. వారు కొసలకు మాత్రమే రాసుకోవాలి.

మందారాకు, మెంతులు కూడా మంచివే. రెండింటిలోనూ జిగురు ఉంది. ఆ జిగురే వెంట్రుక మీద పొరలా పరుచుకుని నున్నగా చేస్తుంది. రెండు పెద్ద చెంచాల మెంతులు రాత్రి నానబెట్టండి. ఉదయం గుప్పెడు మందారాకులు కడిగి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బండి. పలుచని గుడ్డలో వడగట్టండి. లేకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని సాయంత్రం దాకా రాలుతుంది. తలంటాక ఆ జిగురును కొసలకు పట్టించి, అరగంట ఆగి, బాగా నీళ్ళు పోసి కడగండి. ఏ పూటది ఆ పూటే వాడాలి. నిలవ ఉంటే పులుస్తుంది.

కుంకుడుకాయ మురికిని వదలగొడుతుంది గాని మెత్తబరచదు. అందుకే దాని తరువాత ఈ జిగురు మేలు. ఆ రసం కళ్ళలో పడకుండా పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త. ఉప్పునీళ్ళ ఊళ్ళలో ఉన్నవారు చివరి రెండు చెంబులైనా పట్టి ఉంచిన వాననీళ్ళో, కుళాయి మంచినీళ్ళో పోసుకుంటే తేడా తెలుస్తుంది.

కోడిగుడ్డు గురించి ఒక మాట. గుడ్డులోని మాంసకృత్తు కణాలు పెద్దవి, వెంట్రుకలోకి దూరలేవు. పైన పొరలా ఉండి, కడిగితే పోతాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే గుడ్డయితే దాన్ని తలకు రాయకండి. ఉడకబెట్టి పిల్లకు పెట్టండి. పైన చెప్పిన కుదురుకు తిండి రక్తంలోంచే అందుతుంది.

చేయకూడనివి

పేలకు కిరసనాయిలు రాయవద్దు. పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల తలకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. చర్మమూ పొక్కుతుంది. తడి జుట్టుకు కండిషనర్ దండిగా రాసి, పేల దువ్వెనతో పాయలు పాయలుగా దువ్వండి. మూడు నాలుగు రోజులకొకసారి, రెండు వారాలపాటు ఇలా చేస్తే పేలు పోతాయి. తగ్గకపోతే పర్‌మెత్రిన్ లోషన్ గురించి ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఇంట్లో ఒక్కరికి ఉంటే అందరి తలలూ చూడాలి.

నల్లరంగులో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. ముఖం వాచి, కళ్ళు మూసుకుపోతాయి. వేసుకునే రెండు రోజుల ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూడాలి. రంగు పొట్లాలు పిల్లలకు అందకుండా దాచండి, కడుపులోకి పోతే ప్రాణాపాయం. ఇక పెళ్ళిళ్ళ ముందు పట్నంలో జుట్టు తిన్నగా చేయించుకునే కొన్ని పద్ధతుల్లో ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కళ్ళు మండే ఆవిరి వస్తుంటే లేచి రావడమే మంచిది.

డబ్బా చేయలేని పని

ఇంతవరకు జుట్టు మెత్తదనం గురించి చెప్పుకున్నాం. జుట్టు ఊడటం వేరు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. అంతకు మించి గుప్పిళ్ళతో వస్తుంటే దానికి కారణం తరచుగా ఒంట్లో ఉంటుంది. కాన్పయిన రెండు నుంచి నాలుగు నెలలకు, టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. అది చాలామందిలో కొన్ని నెలలకు దానంతటదే సర్దుకుంటుంది. బాలింతలు బెంగపడనక్కరలేదు. థైరాయిడ్ లోపం ఉన్నా రాలుతుంది.

అన్నిటికంటే మన ఇళ్ళలో కనిపించనిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. అంటే ఏ ఇద్దరు స్త్రీలు కలిసి కూర్చున్నా వారిలో ఒకరికి ఉన్నట్టే. ఇనుము తగ్గితే జుట్టు రాలవచ్చు, పలచబడవచ్చు. అమ్మాయి జుట్టు ఊడుతోందంటూ డబ్బా వెంట డబ్బా మారుస్తాం గాని, ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతోందని, కనురెప్పల లోపల పాలిపోయిందని, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని గమనించం. జుట్టు అలా ఒక కబురు చెబుతుంటే, మనం దాని నోట్లో క్రీము కుక్కుతున్నాం.

ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను పిల్లలు పారేయకుండా మింగేలా చూడండి. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, గుడ్లు, మాంసం వీలైనంత తినాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము సగంలోనే ఆగిపోతుంది, కనుక గంటైనా ఆగండి. ఇంట్లో మగవారు, పిల్లలు తిన్నాక మిగిలింది తినే తల్లులకు ఈ మాట మరీ ముఖ్యం.

వారానికి ఒక క్రమం

శుక్రవారం రాత్రి కొబ్బరినూనె. శనివారం తలంటు, ఆ తరువాత మెంతుల జిగురో, చిన్న పొట్లం కండిషనరో. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తి తుడిచి, నీడలో ఆరబెట్టి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. జడ వదులుగా వేయండి. రెండు మూడు నెలలకొకసారి కొసలు అంగుళం కత్తిరించండి. ఆదివారం ఆరాధనకు వెళ్ళేసరికి జుట్టు మెత్తగా ఉంటుంది.

మన సంఘాల్లో జ్వరంవల్లో, క్యాన్సర్ వైద్యంవల్లో జుట్టు కోల్పోయిన సహోదరీలు కూడా ఉంటారు. ముసుగు సర్దుకుంటూ వెనుక వరుసలో కూర్చునేది వారే. వారి తల గురించి అడగకండి, సలహాలూ నూనెల పేర్లూ చెప్పకండి. పక్కన చోటు చూపించి, పాటల పుస్తకం అందించండి. ఇంటికి వెళ్ళాక మీ అమ్మాయిని వెలుగులో కూర్చోబెట్టి, జుట్టుతో పాటు కనురెప్ప కూడా ఒకసారి చూడండి.