అక్షింతల పురుగుకూ శత్రువులున్నాయి: పెరట్లో గుర్తించేదెలా?

ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉండే చిన్న పెంకు పురుగును తెలుగులో అక్షింతల పురుగు అంటారు. కోయంబత్తూరు, మదురై వైపు మన ఇళ్ళలో పిల్లలకు 'పొరివండు' అనే తమిళ పేరే ఎక్కువ తెలుసు. ఏ పేరుతో పిలిచినా చిక్కు ఒకటే. ఆ పేరు మోసే వాటిలో పంటకు మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. ఈ రెండింటి ఒంట్లోనూ పెరిగి వాటిని చంపే చిన్న కందిరీగలు, ఈగలు కూడా ఉన్నాయి. ఏది ఏదో తెలియకుండా మందు కొడితే మొదట పోయేది మనకు సాయం చేసేవే.

ముందుగా రెండు రకాల పురుగులనూ వేరు చేసి చూద్దాం. చిక్కుడు తీగకు పేనుబంక పట్టినప్పుడు వచ్చే అక్షింతల పురుగు వీపు నున్నగా మెరుస్తుంది. మన వైపు ఎక్కువగా కనిపించే రకానికి చుక్కలతో పాటు వంకర టింకర నల్ల గీతలుంటాయి. దాని పిల్ల పురుగు నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉండి చురుగ్గా తిరుగుతుంది. ఇది మిత్రుడు. వంకాయ మొక్క మీద ఉండే రకం వీపు మెరవదు, సన్నటి నూగుతో మాసినట్టు ఉంటుంది. ఒక జాతికి ఇరవై ఎనిమిది దాకా చుక్కలుంటాయి. దాని పిల్ల పురుగు పసుపు రంగులో, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. ఆకులో పచ్చదనాన్ని గీకి తిని జల్లెడలా చేస్తుంది. ఇది శత్రువు.

మందార, జామ చెట్లకు పిండినల్లి పట్టినప్పుడు ఇంకో సంగతి గమనించాలి. 1898లో ఆస్ట్రేలియా నుంచి దక్షిణ భారతానికి తెచ్చిన, పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఉంది. దాని పిల్ల పురుగు కూడా ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. కానీ పరిమాణంలో పెద్దది, పుల్లతో తాకితే గబగబా నడుస్తుంది. దాన్ని నలపకండి.

ఇక వీటిని చంపే పరాన్నజీవులు. వాటిని నేరుగా చూడడం కష్టం, అవి వదిలిన గుర్తులను చూడడం సులభం.

ఒకటి: పెద్ద పురుగు ఆకు మీద కదలకుండా కూర్చుని, దాని కాళ్ళ మధ్య గోధుమ రంగు పట్టుగూడు ఉంటే అది డైనోకాంపస్ అనే కందిరీగ పని. ఈ కందిరీగ పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. సుమారు మూడు వారాలకు పిల్ల బయటికి వచ్చి, ఆ పురుగు కిందే గూడు అల్లుకుంటుంది. పురుగు చావకుండా, వణుకుతూ ఆ గూటికి కాపలా కాస్తుంది. కెనడాలో 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం ఇలాంటి పురుగుల్లో దాదాపు నాలుగో వంతు తిరిగి కోలుకున్నాయి.

రెండు: ప్యూపా, అంటే ఆకుకు అతుక్కున్న కోశస్థ దశ చుట్టూ గూని వీపున్న చిన్న ఈగలు గబగబా పరుగెడుతుంటే అవి ఫోరిడ్ ఈగలు. వాటి పురుగులు ప్యూపా లోపలి భాగం తినేసి, మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటాయి.

మూడు: మిత్ర పురుగు పిల్ల గోధుమ రంగుకు మారి, ఉబ్బి, గట్టిపడి ఆకుకు అంటుకుపోయి, ఒంటి మీద గుండ్రటి రంధ్రాలుంటే అది హోమలోటైలస్ అనే చిన్న కందిరీగ ఆనవాలు. ప్యూపాకూ ఇదే పరీక్ష. పురుగు క్షేమంగా బయటికి వస్తే పెంకు వీపు వైపు చీలుతుంది. సూదితో పొడిచినట్టు రంధ్రాలుంటే బయటికి వచ్చింది కందిరీగలు.

వంకాయ పురుగుకూ ఇలాంటి శత్రువు ఉంది. పేరు పెడియోబియస్. ముళ్ళ పిల్ల పురుగు చచ్చి గోధుమ రంగు బొమ్మలా ఆకు మీద మిగిలితే అందులోంచి చాలా కందిరీగలు వస్తాయి. 1966లో మన దేశం నుంచి దీన్ని అమెరికాకు తీసుకెళ్ళారు, అక్కడ చిక్కుడు జాతి పంటను తినే పురుగు మీద వదలడానికి. అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు కాబట్టి మళ్ళీ మళ్ళీ పెంచి వదలాలి. మన పిల్లలు ఎందరో స్థిరపడిన న్యూజెర్సీలో రాష్ట్ర వ్యవసాయ శాఖే దీన్ని పెంచింది. వాళ్ళు ఖర్చుపెట్టి పెంచేది మన పెరట్లో ఊరికే దొరుకుతోంది.

అందుకే వంకాయ ఆకుల నుంచి పసుపు పురుగులనూ గుడ్లనూ ఏరి పారేయండి, గోధుమ రంగు బొమ్మలను మాత్రం వదిలేయండి. మిత్ర పురుగులకు పట్టిన పరాన్నజీవులను చూసి కంగారు పడి మందు కొట్టవద్దు. ఆ మందుకు మిగిలిన మిత్ర పురుగులు కూడా చస్తాయి, పేనుబంక మాత్రం తొందరగా తిరిగి వస్తుంది.

కందిరీగల మేలు మన ఊళ్ళకు కొత్త కాదు. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను ముంచేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన చిన్న కందిరీగలే దాన్ని అదుపు చేశాయి.

అనుమానం ఉంటే ఆ ప్యూపాను ఆకుతో సహా గాజు సీసాలో వేసి, మూతికి పలుచటి గుడ్డ కట్టి, నీడలో పది పదిహేను రోజులు ఉంచండి. ఏది బయటికి వస్తుందో మీ కళ్ళతోనే చూస్తారు. పేరు తెలియకపోతే కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో, మదురై వ్యవసాయ కళాశాలలోనో కీటకశాస్త్ర విభాగం వారికి చూపించండి. సీసా పక్కన మనవళ్ళనూ మనవరాళ్ళనూ కూర్చోబెడితే, అక్షింతల పురుగు అన్న మాట కూడా వాళ్ళకు అబ్బుతుంది.