పిల్లల కడుపులో లింఫోమా: ఆపరేషన్ ఎప్పుడు, ఎంతవరకు

పిల్లల కడుపులో వచ్చే లింఫోమాల్లో (లింఫు కణాల క్యాన్సర్లలో) ఎక్కువ భాగం బర్కిట్ రకానివి. ఉగాండాలో పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ అక్కడి పిల్లల దవడ కణితుల గురించి 1958లో రాశాడు. ఆయన పేరే ఈ జబ్బుకు స్థిరపడింది. మన దగ్గర ఇది ఎక్కువగా కనిపించేది కడుపులో, చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట. మగపిల్లల్లో ఎక్కువ. కణితి ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. వైద్యం నడవాల్సిన తీరును నిర్ణయించేది ఈ వేగమే.

ఈ కణితి వల్ల కుడివైపు నొప్పి, వాంతులు వస్తే అపెండిక్స్ అనుకోవడం సహజం. కణితి వల్ల పేగులోకి పేగు దూరనూ వచ్చు. ఇలా దూరడం సాధారణంగా రెండేళ్లలోపు పిల్లల్లో వచ్చే ఇబ్బంది. బడికి వెళ్లే వయసులో అలా జరిగితే లింఫోమాను తప్పక అనుమానించాలి. ఇలా బయటపడిన గడ్డ చిన్నదైతే, ఆ పేగు ముక్కను, దానికి అంటుకున్న లింఫు గ్రంథులను పూర్తిగా తీసేసి పేగు చివరలు కలుపుతారు. అలాంటి పిల్లలకు తర్వాత రెండు విడతల కీమో సరిపోవచ్చు.

గడ్డ పొట్టంతా పరుచుకుంటే సంగతి వేరు. "గడ్డ తీసెయ్యండి సార్" అని తల్లిదండ్రులు బతిమాలతారు. తీసినా మిగిలిన కణాలు గాయం మానేలోపే పెరిగిపోతాయి, కీమో ఆలస్యమవుతుంది. అందుకే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడంతోనే సర్జన్ ఆగాలి. పొట్టలో చేరిన నీటిలోనో ఎముక మజ్జలోనో క్యాన్సర్ కణాలు దొరికితే ఆ కోత కూడా అక్కర్లేదు. పేగు మూసుకుపోయినా, చిల్లు పడినా, రక్తస్రావం ఆగకపోయినా మాత్రం ఆపరేషన్ తప్పదు. కీమోకు గడ్డ కరిగేటప్పుడు కూడా పేగుకు చిల్లు పడవచ్చు. అప్పుడు మళ్లీ సర్జనే కావాలి.

కీమోకు క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చనిపోతే రక్తంలో యూరిక్ యాసిడ్, పొటాషియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే సెలైన్, యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మందు కీమోకు ముందే మొదలుపెడతారు.

రామగుండం, గోదావరిఖని పిల్లలకు స్కానింగ్ దగ్గర్లోనే అవుతుంది. క్యాన్సర్ వైద్యానికి మాత్రం 200 కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే లాంటి ఆసుపత్రులకు వెళ్లాలి. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాల క్యాన్సర్ వైద్యానికి ఆసరా. స్కానింగ్‌లో గడ్డ కనిపించి, పేగుకు తక్షణ ప్రమాదం లేకపోతే, స్థానికంగా పొట్ట కోయించకుండా వెంటనే బయల్దేరడమే మేలు. దారిలో ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తే గడ్డ తాత్కాలికంగా కుంచించుకుపోయి బయాప్సీలో జబ్బు పట్టుబడకపోవచ్చు.

సరైన కీమో సకాలంలో అందే దేశాల్లో నూటికి 90 మంది వరకు పిల్లలు బతుకుతున్నారు. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనుక ఆ పన్నెండు నెలలూ పరీక్షలకు తప్పకుండా తీసుకెళ్లాలి.