లేతు ముందుగానే చెబుతుంది

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారం బెంగాల్-నాగపూర్ రైల్వే నాటిది. ఉత్తరాంధ్ర నుండి పనికై వెళ్ళిన తెలుగువారు ఆ ఊళ్ళో తరతరాలుగా స్థిరపడ్డారు. ఇటువంటి కర్మాగారాలలో ఇరుసులకు రూపమిచ్చే లేతు యంత్రం ఒక్కనాడే పాడైపోదు. పాడవుతున్న సంగతిని చాలా ముందుగా తెలియజేస్తుంది.

మొదట మారేది చప్పుడు. నున్నగా సాగవలసిన కోతలో అదురు పుడుతుంది. ఇనుముపై అలలవంటి గీతలు తేలుతాయి. టూలు మొద్దుబారిందేమో మార్చి చూడాలి. కొత్త టూలుతోనూ గీతలు పోకపోతే బేరింగులను అనుమానించక తప్పదు.

గీతలే కదా అనుకోరాదు. ఇరుసు తిరిగిన ప్రతిసారీ దాని పైపొర సాగి, నొక్కుకుపోతుంది. పగులు అటువంటి గీతలోనే మొదలు కావచ్చు. ఒక్కసారికి తేలికగా భరించే బరువే లక్షలసార్లు పడితే ఇరుసు విరుగుతుందని 19వ శతాబ్దిలోనే జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ప్రయోగాలతో చూపాడు.

అన్నిటికన్నా గుట్టుగా అరిగేది లేతు బెడ్డు. చిన్న పనులన్నీ చక్కు దగ్గరే జరుగుతాయి గనుక అక్కడే ఎక్కువ అరుగుతుంది. పరీక్ష సులభం: చక్కు వద్ద క్యారేజిని వదులు లేకుండా సరిచేసి, మెల్లగా రెండవ కొసకు నడపాలి. బెడ్డు అరిగి ఉంటే అది దారిలోనే బిగుసుకుపోతుంది.