జోష్ గిబ్సన్ కార్డు

స్టడీ అవర్‌లో బుక్ క్రికెట్ ఆడనివాడు మన హాస్టల్లో ఉండడు. సాంఘిక శాస్త్రం పుస్తకం తెరవడం, ఎడమవైపు పేజీ నంబరులో చివరి అంకె చూడడం. 4 వస్తే ఫోర్, 6 వస్తే సిక్స్, సున్నా వస్తే ఔట్. వార్డెన్ గారు వస్తే అదే పుస్తకం బుద్ధిగా చదువుతున్నట్టు పట్టుకోవడం!

ఈ ఆటలో ఒక లోపం ఉంది. సచిన్ పేరు రాసుకున్నా, పదకొండో బ్యాట్స్‌మన్ పేరు రాసుకున్నా పుస్తకానికి తేడా తెలియదు. ఇద్దరూ ఔటయ్యే అవకాశం సమానమే. ఆ లోపం లేని ఆట ఒకటి అమెరికాలో ఉంది. పేరు స్ట్రాట్-ఓ-మ్యాటిక్. హాల్ రిచ్‌మన్ అనే ఆయన చిన్నప్పుడే పాచికలతో దీన్ని కట్టడం మొదలుపెట్టి, 1961లో అమ్మకానికి తెచ్చాడు. ఇది బల్ల మీద ఆడే బేస్‌బాల్. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బ్యాటర్ బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్, బంతి కంచె దాటితే హోమ్ రన్. మనకు ఇంతవరకు తెలిస్తే చాలు.

ప్రతి ఆటగాడికీ ఒక అట్ట కార్డు ఉంటుంది. బ్యాటర్ కార్డు మీద 1, 2, 3 అని మూడు నిలువు వరుసలు, పిచర్ కార్డు మీద 4, 5, 6 అని మూడు వరుసలు. ఒక్కో వరుసలో 2 నుండి 12 వరకు అంకెలు, వాటి పక్కన ఫలితాలు. మూడు పాచికలు వేస్తారు. వేరే రంగులో ఉన్న పాచిక ఏ వరుస చూడాలో చెబుతుంది. మిగతా రెండింటి మొత్తం ఆ వరుసలో ఏ గడి చూడాలో చెబుతుంది.

మన లెక్కల మాస్టారు చెప్పిన సంభావ్యత ఇక్కడ పనికొస్తుంది. రెండు పాచికలు 36 విధాలుగా పడతాయి. మొత్తం 2 రావడానికి ఒకే దారి, 7 రావడానికి ఆరు దారులు. కాబట్టి మామూలు బ్యాటర్ కార్డులో హోమ్ రన్ 2 పక్కనో 12 పక్కనో పడి ఉంటుంది. మహా బ్యాటర్ కార్డులో 6, 7, 8ల దగ్గరికి వచ్చేస్తుంది.

నాకు బాగా నచ్చిన మెలిక ఇంకొకటి. ఒక బ్యాటర్ నిజంగా 100కి 35 హిట్లు కొట్టాడనుకోండి. కార్డులో 35 పెడితే లెక్క తప్పుతుంది. ఎందుకంటే సగం సార్లు పిచర్ కార్డే చూస్తాం. సగటు పిచర్ 100కి 25 ఇస్తాడనుకుంటే రెండూ కలిసి 30కి పడిపోతుంది. అందుకని బ్యాటర్ కార్డులో 45 పెట్టాలి. అంటే గొప్పవాడి కార్డు ఆ మనిషి కంటే గొప్పగా ఉండాలన్నమాట!

ఇదంతా జరగాలంటే ముందు ఎన్నిసార్లు ఆడాడో, ఎన్ని కొట్టాడో లెక్క ఉండాలి. జోష్ గిబ్సన్ సంగతి ఇక్కడే చిక్కుపడింది.

గిబ్సన్ 1911లో జార్జియాలో పుట్టాడు. నల్లజాతివాడు. ఆ రోజుల్లో పెద్ద లీగుల్లో నల్లవాళ్లను ఆడనిచ్చేవారు కాదు. కాగితం మీద రాసిన నిబంధన ఏదీ లేదు, అయినా ఆడనిచ్చేవారు కాదు. (ఇలాంటి రాయని నిబంధనలు మనకు కొత్తేమీ కాదు.) వాళ్లు విడిగా నడుపుకున్నవే నీగ్రో లీగ్స్. అప్పటి పేరు అదే. గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫోర్డ్స్ జట్లకు ఆడాడు. లీగ్ మ్యాచ్‌లు తక్కువ. మిగతా రోజుల్లో బతుకుతెరువు కోసం ఊరూరా తిరిగి స్థానిక జట్లతో ఆడేవారు. వాటిలో చాలా మ్యాచ్‌లకు లెక్క లేదు. 1972లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టిన ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని చెక్కారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, "దాదాపు"తో కార్డు తయారవదు.

అందుకే కొందరు పాత పత్రికలు తిరగేశారు. పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు మ్యాచ్‌ల స్కోరు పట్టికలు వేసేవి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి కూడారు. ఆ కృషి ఆసరాగా 2009లో స్ట్రాట్-ఓ-మ్యాటిక్ వందకు పైగా నీగ్రో లీగ్స్ ఆటగాళ్ల కార్డులు విడుదల చేసింది. వాటిలో గిబ్సన్ కార్డు ఉంది. పెద్ద లీగుల సంస్థ 2020లో గానీ నీగ్రో లీగ్స్‌ను తమతో సమానమని ఒప్పుకోలేదు. ఆ గణాంకాలను 2024లో తమ పుస్తకంలో కలుపుకుంది. కలపగానే మొత్తం జీవితపు సగటులో టై కాబ్ 0.367ను దాటి గిబ్సన్ 0.372తో మొదటి స్థానానికి వచ్చాడు. ఒక్క సీజన్ రికార్డు కూడా అతనిదే, 1943లో 0.466.

ఇదేదీ అతను చూడలేదు. 1947 జనవరి 20న, 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలలైనా తిరగకుండా, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టాడు. గిబ్సన్ సమాధి మీద 1975 దాకా పేరు రాసిన రాయి కూడా లేదు. కార్డు మాత్రం ఇప్పుడు బల్ల మీదికి వస్తుంది. అతన్ని ఎన్నడూ ఎదుర్కోని తెల్ల పిచర్ కార్డు పక్కన పెట్టి పాచికలు వేయవచ్చు.

మన క్రికెట్‌కూ ఇలాంటి కార్డులు చేసుకోవచ్చు. పాత నోటుపుస్తకాల అట్టలు, మూడు పాచికలు చాలు. కావలసినదల్లా మన హాస్టల్ టీమ్ ఆడిన మ్యాచ్‌ల స్కోరు పుస్తకాలే. పూర్వ విద్యార్థుల్లో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పట్టుకురండి అన్నలూ.