గోల్ఫ్ దెబ్బకు బలం తుంటి నుంచే
చేతులతో లాగితే నడుముకు చేటు

బల్మూర్: గొడ్డలితో చెట్టు మొదలును పక్కవాటుగా నరికే వ్యక్తిని గమనిస్తే ఒక విషయం బోధపడుతుంది. పాదాలు నేలపై నిలదొక్కుకుంటాయి. దెబ్బ వేసేటప్పుడు ముందుగా తుంటి తిరుగుతుంది. భుజాలు, చేతులు, గొడ్డలి ఆ వెనుకే వస్తాయి. గోల్ఫ్ ఆటలో కర్ర తిప్పడానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. గోల్ఫ్ మైదానం బల్మూర్ వాసులకు దూరమే అయినా, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో భారత క్రీడాకారిణి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలవడంతో ఈ ఆట చాలామంది దృష్టిలో పడింది.

కదలిక ఇలా ఉండాలి
కుడిచేతి వాటం ఆటగాడు కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు కుడి తుంటి వెనక్కి తిరగాలి. పక్కకు జరగకూడదు. కుడి మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. ఈ దశలో భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతాయి. ఈ తేడా వల్లే కండరాలు సాగి, బిగించిన విల్లులా శక్తిని నిల్వ చేసుకుంటాయి. దించేటప్పుడు బరువు ఎడమ పాదంపైకి మారాలి. ఆ వెంటనే ఎడమ తుంటి వెనక్కి తిరగాలి. బంతి తగిలే సమయానికి బెల్టు బకిల్ బంతిని దాటి గమ్యం వైపు మళ్లి ఉంటుంది. తుంటి నుంచి మొండెం, చేతులు, కర్ర వరకు వేగం అంచెలంచెలుగా పెరుగుతుంది. తుంటి కదలికతోనే కర్ర దింపడం మొదలుకావాలని అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1957లో వెలువరించిన పుస్తకంలో వివరించారు.

తప్పితే ముప్పు
తుంటి కీలు గిన్నెలో అమరిన బంతి వంటిది కనుక బాగా తిరుగుతుంది. నడుము దగ్గరి వెన్నుపూసలు మాత్రం కొద్ది డిగ్రీలే మెలి తిరగగలవు. తుంటి బిగుసుకుపోతే ఆ భారమంతా వెన్నుపై పడుతుంది. గోల్ఫ్ ఆటగాళ్లను తరచుగా బాధించేది నడుము నొప్పే. టైగర్ వుడ్స్ 2017లో వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్స చేయించుకుని, 2019లో మాస్టర్స్ టైటిల్ గెలిచారు.

తెలుగు బిడ్డ ఉదాహరణ
హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో అమెరికాలో జన్మించిన సాహిత్ తీగల వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్‌తోనే ఆడుతూ, 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి తొలి పీజీఏ టూర్ టైటిల్ సాధించారు. ఆయన కర్ర తిప్పే తీరు పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలా ఉండదు. అందరి శరీరం ఒకేలా ఉండదు కనుక, వీడియోలు చూసి మరొకరి భంగిమను యథాతథంగా అనుకరించడం మేలు కాదు.

ఇంట్లోనే సాధన
గోడకు పిరుదులు తేలికగా ఆనేలా, కొద్దిగా ముందుకు వంగి నిలబడాలి. చేతులు ఛాతీపై కట్టుకోవాలి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, ముందుకు తిరిగేటప్పుడు ఎడమ పిరుదు గోడను వీడకూడదు. రెండూ గోడకు దూరమైతే శరీరం తొందరపడి పైకి లేస్తున్నట్లు గుర్తించాలి. మొదట నెమ్మదిగా చేసి, క్రమంగా వేగం పెంచుకోవాలి. సాధనకు ముందు కొంతసేపు నడిచి ఒళ్లు వేడెక్కించాలి. నడుము నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి కలిగినా సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి.